సోర్స్ కోడ్‌తో మనకేటి సంబంధం? కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన వారం మళ్లీ అదే ఫోన్ వచ్చింది, ఈసారి ఆటోనగర్ నుంచి. "సార్, జర్మనీ బయ్యర్ మెయిల్ పెట్టాడు. మా బాక్స్‌లో ఉన్న సోర్స్ కోడ్ పంపమంటున్నాడు. మా సాఫ్ట్‌వేర్ కొట్టేద్దామనే కదా సార్?" గొంతులో వణుకు తెలుస్తోంది. మెయిల్ ఫార్వర్డ్ చేయించుకుని చూశాను. అతను అడిగింది వీళ్ల సాఫ్ట్‌వేర్ కాదు, లోపలున్న లినక్స్ కెర్నల్ (ఓఎస్ గుండెకాయ), యూబూట్ (బాక్స్‌ని స్టార్ట్ చేసే ప్రోగ్రాం), బిజీబాక్స్ (చిన్న చిన్న కమాండ్ల మూట), వీటి సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్. ఆ మాట చెప్పగానే ఆయనకి భయం పోయి కోపం వచ్చింది. "అదేటి సార్, అవి నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి కదా, మనల్ని అడగడమేటి?"

నేను విశాఖ రుషికొండలో పదిహేనేళ్లుగా ఎంబెడెడ్ లినక్స్ (ఇలాంటి బాక్సుల లోపల నడిచే లినక్స్) బిల్డులు, రిలీజులు చూసే పనిలో ఉన్నాను. కోడ్ రాసేవాళ్లకి పేరొస్తుంది, మాకు రిలీజ్ రోజు రాత్రి ఫోన్లొస్తాయి. ఎవరూ పట్టించుకోని లైసెన్సుల గొడవ కూడా ఎప్పుడో నా నెత్తినే పడింది. వందసార్లు నోటితో చెప్పింది ఒకసారి రాసి పెట్టుకుంటే, ఇకమీదట ఇది పంపేసి నా టీ నేను వేడిగా తాగొచ్చని ఆశ.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది: పెద్ద కంపెనీలు తమ ఓఎస్ కోడ్ బయటపెట్టేది మంచి మనసుతోనో పేరు కోసమో, వాళ్లకి డబ్బుంది చేస్తారు, మనం చిన్నవాళ్లం, మనకి అవసరం లేదు.

కాదండీ. చాలాసార్లు అది దానం కాదు, బాకీ. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ ఏ కంపెనీదైనా దాని కెర్నల్ కోడ్ ఆ కంపెనీ ఇచ్చి తీరాలి, ఎందుకంటే లినక్స్ కెర్నల్ ఉన్నది జీపీఎల్ అనే లైసెన్స్ రెండో వెర్షన్ కింద. అదే ఆండ్రాయిడ్‌లో పైనుండే భాగం చాలావరకు అపాచీ లైసెన్స్, అక్కడ ఇవ్వక్కర్లేదు, అందుకే ఫోన్ కంపెనీలు తమ స్కిన్‌ల (పైన కనిపించే సొంత రూపం) కోడ్ ఇవ్వవు. జీపీఎల్ చెప్పేది చిన్న మాటే: వాడుకో, మార్చుకో, పెట్టెలో పెట్టి అమ్ముకో, ఎంత ధరైనా పెట్టుకో, కానీ బైనరీ (మెషిన్ మీద నడిచే తయారైన ప్రోగ్రాం) ఇచ్చినప్పుడు సోర్స్ కూడా ఇవ్వు. పక్కనే పెట్టి ఇవ్వు, లేదా అడిగితే ఇస్తానని కాగితం మీద రాసివ్వు. ఆ కాగితం కనీసం 3 ఏళ్లు చెల్లాలి, దాన్ని పట్టుకుని ఎవరు అడిగినా ఇవ్వాలి, కాపీ చేసి పంపడానికయ్యే ఖర్చుకి మించి తీసుకోకూడదు. ఇందులో కంపెనీ సైజు గురించి ఒక్క ముక్క కూడా లేదు. కోట్ల ఫోన్లు అమ్మేవాడికీ నలభై బాక్సులు అమ్మేవాడికీ ఒకటే రూలు.

2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే వైఫై రూటర్ విషయంలో జరిగింది ఇదే. దాంట్లో లినక్స్ ఉందని కొన్న కుర్రాళ్లు కనిపెట్టారు, సోర్స్ ఏదని అడిగారు. అదే ఏడాది ఆ కంపెనీని కొన్న సిస్కో చివరికి కోడ్ ఇచ్చింది, ఆ కోడ్ మీదే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రూటర్ల ఓఎస్ పుట్టింది. ఇవాళ రూటర్ల ప్రపంచంలో దాని స్థానం ఏమిటో ఈ పనిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. సిస్కో అంతటిది ఇవ్వాల్సి వచ్చిందంటే, మన ఆటోనగర్ షెడ్డుకి మినహాయింపు ఎవరిచ్చారు?

"మనం బోర్డు చైనా నుంచి తెచ్చుకున్నాం, కోడ్ వాడి సైట్‌లో ఉంది, వాణ్ణే అడగమనండి." ఇది రెండో డైలాగ్. ఈ సాకు సొమ్ము చేసుకునే వాడికి పనికిరాదు. వేరేవాడిచ్చిన హామీని అలాగే ముందుకు పంపే వెసులుబాటు లైసెన్సులో ఉంది గానీ, అది వ్యాపారం కాని పంపిణీకి మాత్రమే. మీరు అమ్మారు, బాకీ మీది. రేపు ఆ చైనా వాడు సైట్ మూసేస్తే ఆ బాకీ ఇంకా బరువెక్కుతుంది.

ఇక్కడ ఒక కథ చెప్పాలి. ఐదారేళ్ల కిందట నాకు తెలిసిన ఒక చిన్న కంపెనీ రొయ్యల కోల్డ్ స్టోరేజీలకి టెంపరేచర్ రికార్డ్ చేసే బాక్స్ చేసేది. మన ఊరి నుంచి రొయ్యలు ఎన్ని దేశాలకి వెళ్తాయో తెలుసు కదా, ఒక విదేశీ బయ్యర్ రొయ్యలతో పాటు ఆ బాక్సుల్నీ ఇష్టపడి, తన గోడౌన్లకి కూడా కావాలన్నాడు. శాంపిల్స్ వెళ్లాయి. వాళ్ల లీగల్ వాళ్లు సోర్స్ అడిగారు. మనవాళ్లు తెలివిగా కెర్నల్ అసలు సైట్ కెర్నల్ డాట్ ఆర్గ్ నుంచి అదే వెర్షన్ నంబరున్న కెర్నల్ దించి, జిప్ చేసి పంపేశారు. పది రోజులకి అక్కడి ఇంజనీర్ దాన్ని బిల్డ్ చేసి ఎక్కించాడు. బూట్ అవ్వలేదు. ఎలా అవుతుంది, ఆ బోర్డు డ్రైవర్లు అందులో ఉంటే కదా! రెండో మెయిల్‌లో 'ప్రియమైన' లేదు.

లైసెన్స్ అడిగేది ఏదో ఒక సోర్స్ కాదు, ఆ బైనరీ ఏ సోర్స్ నుంచి పుట్టిందో ఆ సోర్స్, మొత్తం, దాన్ని కంపైల్ చేసి ఎక్కించే స్క్రిప్టులతో సహా. వాళ్ల దగ్గర ఏముంది? ఒక ఫోల్డర్‌లో 'ఫైనల్', 'ఫైనల్ న్యూ', 'ఫైనల్ న్యూ 2' అని మూడు జిప్పులు, మూడూ ఒకటి కాదు. సెన్సర్ డ్రైవర్ సరిచేసిన అబ్బాయి ఉద్యోగం మారిపోయాడు, ఆ మార్పు అతని లాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. నన్ను పిలిచారు. అదృష్టం బాగుండి ఆ కెర్నల్‌లో కాన్ఫిగ్‌ని (ఏ సెట్టింగులతో బిల్డ్ చేశారో ఆ జాబితా) నడుస్తుండగా ప్రాక్ ఫైల్‌సిస్టమ్‌లో చూపించే ఆప్షన్ ఆన్ చేసి ఉంది, నడుస్తున్న బాక్స్ నుంచే కాన్ఫిగ్ లాగాను. కానీ డ్రైవర్ మార్పులు రావు కదా. చివరికి పాత బైనరీకి సరిపడే సోర్స్ దొరక్క, శుభ్రంగా కొత్త ఫర్మ్‌వేర్ కట్టి, ఉన్న బాక్సులన్నిటికీ అప్‌డేట్ పంపి, దాని సోర్స్ ఇచ్చాం. నాలుగు నెలలు పట్టింది. ఈలోగా బయ్యర్ వేరే బాక్సులు కొనుక్కున్నాడు. ఆ ఓనర్ నాతో అన్న మాట: "కోడ్ ఇవ్వాల్సొచ్చినందుకు కాదండీ, నా దగ్గర లేనిది ఇవ్వాల్సొచ్చినందుకు మునిగాను."

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ దాటాక రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్ ఛార్జింగ్ కోసం కార్లు స్టార్ట్ చేసుకున్న ఊరు మనది. ఆ దెబ్బతో ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించాం, సర్టిఫికెట్లు స్కాన్ చేయించి రెండు చోట్ల దాచాం. అమ్మిన సరుకు కోడ్ మాత్రం ఇప్పటికీ ఒక కుర్రాడి లాప్‌టాప్‌లో ఒకే కాపీ!

రిలీజ్ రోజునే చేస్తే ఇది గంట పని. బాక్సులకి లినక్స్ కట్టిపెట్టే బిల్డ్‌రూట్ అనే టూల్ వాడేవాళ్లకి 'మేక్ లీగల్-ఇన్ఫో' అనే కమాండ్ ఉంది, ఏయే ప్యాకేజీ ఏ లైసెన్సో పట్టిక, సోర్సులు, ప్యాచ్‌లు అన్నీ ఒక ఫోల్డర్‌లో పోస్తుంది. అలాంటిదే ఇంకో టూల్ యోక్టో, దాని వాళ్లకి ఆర్కైవర్ క్లాస్ ఉంది. గిట్‌లో (కోడ్ మార్పులన్నీ దాచే టూల్) ఆ రిలీజ్‌కి ఒక ట్యాగ్, కాన్ఫిగ్ ఫైలు, ఏ కంపైలర్ వెర్షనో ఒక టెక్స్ట్ ఫైలు. బాక్స్‌లో వేసే మాన్యువల్ చివర, అడిగితే సోర్స్ ఇస్తామని ఒక పేరా. ఇంతే. కాకపోతే ఇది తర్వాత చేద్దామనుకుంటే ఎప్పటికీ జరగదు.

మొదట ఫోన్ చేసినాయన భయం ఉంది చూశారా, అది అబద్ధపు భయమైనా దాన్ని నేను వెక్కిరించను. లినక్స్ మీద నడిపితే మా సొంత ప్రోగ్రాం కూడా ఇచ్చేయాలట, అని ఎవరో చెప్పుంటారు. లేదు. కెర్నల్‌తో పాటు వచ్చే లైసెన్స్ ఫైలులోనే రాసి ఉంది, మామూలు సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రాం కెర్నల్‌ని పని అడిగే దారి) ద్వారా కెర్నల్ సేవలు వాడుకునే ప్రోగ్రాములకి ఈ లైసెన్స్ అంటదని. జీలిబ్‌సీ లాంటి లైబ్రరీలు (ప్రోగ్రాములు పంచుకునే రెడీమేడ్ కోడ్) ఎల్‌జీపీఎల్ అనే కాస్త సడలించిన లైసెన్స్ కింద ఉంటాయి, మీ ప్రోగ్రాంలో కలిపేయకుండా నడిచేటప్పుడు డైనమిక్‌గా లింక్ చేసుకుంటే మీ కోడ్ మీదే. జాగ్రత్త పడాల్సింది మీరే కెర్నల్ మాడ్యూల్ (కెర్నల్ లోపల నడిచే ముక్క) రాసినప్పుడు, జీపీఎల్ ప్రోగ్రాం లోపలి కోడ్ తీసి మీ దాంట్లో అతికించినప్పుడు. రొయ్యల టెంపరేచర్ గ్రాఫ్ గీసే మీ యాప్ జోలికి ఎవరూ రారు, నిద్రపోండి.

తప్పు ఇప్పటికే జరిగిపోయిందనుకోండి. జీపీఎల్ రెండో వెర్షన్ ప్రకారం ఉల్లంఘిస్తే పంచే హక్కు దానంతటదే రద్దవుతుంది, చదివితే గుండె ఆగినంత పనవుతుంది. కానీ 2017లో కెర్నల్ డెవలపర్లు చాలామంది కలిసి ఒక ప్రకటన చేశారు: మొదటిసారి తప్పు చేసినవాడు నోటీసు అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కు తిరిగి వచ్చినట్టే. సంతకం పెట్టినవాళ్ల వరకే అది వర్తిస్తుంది, అయినా వాళ్ల ఉద్దేశం అర్థమవుతోంది కదా, వాళ్లకి కావలసింది మీ డబ్బు కాదు, కోడ్. అందుకే మెయిల్ వస్తే స్పామ్ ఫోల్డర్‌లోకి తోయకండి. "అందింది, చూస్తున్నాం" అని ఒక్క లైను జవాబు ఇవ్వండి. మౌనంగా ఉన్నవాళ్ల మీదే కోపాలు పెరుగుతాయి. "ఇవన్నీ కోర్టులో నిలబడవులెండి" అనే సలహాదారులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. లినక్స్ ఫైర్‌వాల్ భాగమైన నెట్‌ఫిల్టర్ కోడ్ రాసిన హెరాల్డ్ వెల్టె 2004లో మ్యూనిక్ కోర్టుకి వెళ్లి, జీపీఎల్ పాటించని కంపెనీ సరుకు మీద ఇంజంక్షన్ (పంపిణీ ఆపే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకున్నాడు. జర్మన్ బయ్యర్లు అంత జాగ్రత్తగా ఎందుకుంటారో ఇప్పుడు అర్థమైందా? మన దగ్గరైనా, 1957 కాపీరైట్ చట్టం కింద కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచన కిందకే వస్తుంది, అంటే దానికీ కాపీరైట్ ఉంది.

మిగతావి గబగబా.

"ఆపిల్ మ్యాక్ ఓఎస్ ఓపెన్ సోర్స్ చేసేసింది." పునాది మాత్రమే. డార్విన్ పేరుతో 1999 నుంచి కెర్నల్ దగ్గరి భాగాలు ఇస్తోంది, మీకు కనిపించే కిటికీలు, ఫైండర్, యాప్‌లు ఏవీ అందులో లేవు. తమాషా ఏమిటంటే ఆ కెర్నల్ మాక్ (Mach, మ్యాక్ కాదు, ఒక పాత కెర్నల్), బీఎస్‌డీ (ఒక రకం యూనిక్స్) నుంచి వచ్చింది, ఆ లైసెన్సులు కోడ్ ఇవ్వమని బలవంతపెట్టవు, కాబట్టి అది నిజంగా ఇష్టపడి ఇచ్చిందే. అదే కంపెనీ బ్రౌజర్ ఇంజన్ వెబ్‌కిట్‌లో మాత్రం కేహెచ్‌టీఎంఎల్ అనే పాత ఇంజన్ నుంచి తెచ్చుకున్న ఎల్‌జీపీఎల్ కోడ్ ఉంది, అది బాకీ. ఇంకా చూడాలంటే మ్యాక్‌లో బ్యాష్ (కమాండ్లు టైపు చేసే షెల్) వెర్షన్ చూడండి, 3.2 దగ్గరే ఉంటుంది. 4 నుంచి బ్యాష్ ఇంకా కఠినమైన జీపీఎల్ మూడో వెర్షన్‌కి మారింది. 2019లో కాటలీనా అనే మ్యాక్ ఓఎస్ వెర్షన్‌తో డిఫాల్ట్ షెల్ జెడ్‌ఎస్‌హెచ్ అయింది. ఎందుకో మీరే ఊహించుకోండి.

"విండోస్ కోడ్ కూడా బయటికొచ్చేసిందట." మైక్రోసాఫ్ట్ ఇచ్చింది విండోస్‌కి ముందటి ఓఎస్ ఎంఎస్-డాస్ పాత వెర్షన్లు, 2024లో ఇచ్చింది 4.00. 2025లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లో లినక్స్ నడిపే భాగం) కోడ్ కూడా చాలావరకు ఇచ్చింది. 2020లో ఎక్స్‌పీ కోడ్ అని తిరిగింది లీక్, విడుదల కాదు. మద్దిలపాలెంలో ఒక కాలేజీ కుర్రాడు దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటర్వ్యూకి తెచ్చి గొప్పగా చూపించాడు నాకు. తీసేయ్ నాన్నా, ఈ సంగతి ఇంకెవరికీ చెప్పకు అన్నాను. అది చదివిన చేత్తో రాసిన కోడ్ మా దగ్గర పెట్టుకోవాలన్నా భయమే.

"రెడ్‌హ్యాట్ 2023లో కోడ్ మూసేసింది, అది చట్టవిరుద్ధం." మూసేయలేదు. లినక్స్ అమ్మే ఈ కంపెనీ అందరికీ పెట్టే చోట సెంటాస్ స్ట్రీమ్ (రాబోయే వెర్షన్ ముందు రూపం) ఒక్కటే ఉంచి, అసలు అమ్మే లినక్స్ ఆర్‌హెచ్‌ఈఎల్ సోర్స్‌ని కస్టమర్లకి ఇస్తోంది. బైనరీ అందుకున్నవాళ్లకి సోర్స్ ఇస్తే జీపీఎల్ మాట నిలబెట్టినట్టే, ఊరందరికీ ఇవ్వాలని లేదు. నాకు నచ్చిందా అంటే నచ్చలేదు. కానీ నచ్చకపోవడం వేరు, ఉల్లంఘన వేరు. దానికంటే ఇంకా సెంటాస్ 7 (ఆర్‌హెచ్‌ఈఎల్‌కి ఉచిత నకలు) నడుపుతున్న ల్యాబులవాళ్లు కంగారు పడాలి, దాని సపోర్ట్ 2024 జూన్ 30తో అయిపోయింది. దాని బదులు వచ్చిన ఆల్మానో రాకీనో చూసుకోండి.

"ఒకసారి ఓపెన్ చేస్తే ఎప్పటికీ ఓపెనే." ఇచ్చింది ఇచ్చినట్టే ఉంటుంది, ఇవ్వబోయేది వాళ్ల ఇష్టం. సన్ కంపెనీ 2005లో తన ఓఎస్ కోడ్‌ని ఓపెన్‌సొలారిస్ పేరుతో ఇచ్చింది, 2010లో సన్‌ని కొన్న ఒరాకిల్ ఆ ఏడాదే ఆపేసింది. అప్పటికి బయటున్న కోడ్ పట్టుకుని ఇల్యూమోస్ వాళ్లు ఇప్పటికీ నడుపుతున్నారు.

"కోడ్ చూపిస్తే హ్యాకర్లు దూరతారు." 2024లో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే టూల్‌లో ఎవరో దొంగదారి పెట్టిన మాట నిజం. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఒక ఇంజనీర్ తవ్వుకుంటూ వెళ్లి దాన్ని పట్టుకోగలిగింది కూడా కోడ్ అందరి ముందూ ఉండబట్టే.

ఆటోనగర్ ఆయన నిన్న మళ్లీ ఫోన్ చేశారు. బయ్యర్‌కి జవాబు పెట్టారట, అతను మర్యాదగానే మూడు వారాలు టైమిచ్చాడట. ఇప్పుడు వెతుకులాట అసలు కోడ్ కోసం. దాన్ని బిల్డ్ చేసిన కుర్రాడు బెంగళూరు వెళ్లిపోయాడు, పాత లాప్‌టాప్ పెందుర్తిలో వాళ్ల మావయ్య ఇంట్లో ఉందట, రెండేళ్లుగా ఎవరూ తెరవలేదట. రేపు ఉదయం వెళ్తున్నారు. ఛార్జర్ పట్టుకెళ్లమని చెప్పాను.