టైపు, స్టెన్సిల్, టెలిగ్రాం టేపు: మా పుస్తకాల మీద అపోహలు, అసలు సంగతులు

హన్మకొండలో మా గదికి వచ్చేవాళ్ళలో సగం మంది ముందు అడిగే మాట, "అన్నా, ఇవి అమ్ముతవా?" పుస్తకాలు అనుకునేరు, మెషిన్లు. ఒక తెలుగు టైప్‌రైటర్, స్టెన్సిల్ నుంచి కాపీలు తీసే, చేత్తో తిప్పే సైక్లోస్టైల్ మెషిన్, నాలుగు కేసుల (అరల పెట్టెల) సీసం టైపు, గోడకి ఆనించిన ట్రెడిల్, అంటే కాలితో తొక్కే అచ్చు మెషిన్ ఒకటి. వీటితో ఏడాదికి రెండో మూడో చిన్న పుస్తకాలు వేస్తాను. ఒక్కోటి నూటిరవై కాపీలు దాటదు. పగలంతా డీటీపీ, అంటే కంప్యూటర్ మీద పేజీలు కూర్చే పనే. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు. కాబట్టి కంప్యూటర్ మీద కోపంతో ఇటు వచ్చానని అనుకోవద్దు, అన్నం పెట్టేది అదే.

ఈ పనిని ప్రయోగాత్మక ప్రచురణ అంటారట. పేరు పెద్దదే. దాని చుట్టూ అపోహలూ బాగానే ఉన్నాయి. రోజూ నోటితో చెప్పేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇదంతా పాత వస్తువుల మీద మోజు

మోజు కొంత ఉంది, అబద్ధమెందుకు. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో టైప్‌రైటర్ కనిపిస్తే ఇప్పటికీ కాళ్ళు ఆగిపోతాయి. కానీ మోజు తీరడానికి వస్తువును అల్మారాలో పెట్టుకుంటే చాలు, పుస్తకం వెయ్యక్కర్లేదు. పాత మెషిన్ దగ్గర నాకు పనికొచ్చేది దాని మొండితనం. అది అన్నిటికీ ఒప్పుకోదు. ఎక్కడ ఒప్పుకోదో అక్కడ భాష గురించి ఏదో ఒకటి తెలుస్తుంది.

ఒక ఉదాహరణ వివరంగా చెబుతాను. తీగ మీద వచ్చే వార్తను కాగితం మీద అచ్చేసే టెలిప్రింటర్లకు మూలం ఫ్రాన్స్‌కు చెందిన ఎమిల్ బోదో 1874లో పేటెంటు తీసుకున్న పద్ధతి. కాగితపు టేపు మీద అది ఇలా ఉంటుంది: ఒక్కో అక్షరానికి ఐదు స్థానాల వరస, ఒక్కో స్థానంలో రంధ్రం ఉంటుంది లేదా ఉండదు. ఐదు స్థానాలతో కుదిరే కూర్పులు 32 మాత్రమే. ఇంగ్లీషుకు 26 అక్షరాలు పోగా మిగిలినవి షిఫ్ట్‌కు, ఖాళీకి సరిపోయాయి. ఇదే టేపు తెలుగుకు చేస్తే ఎట్లుంటుందని ఒక కవితల పుస్తకానికి ప్రయత్నించాం.

కాగితం మీద హల్లులు రాసుకుని ఙ, ఞ, ఱ కొట్టేశాను. క్ష ఎలాగూ సంయుక్తాక్షరమే. లెక్కపెడితే సరిగ్గా 32! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారాక తప్పు తెలిసింది. ఒక్క రంధ్రం కూడా లేని వరసను వాడలేం, అది ఖాళీ టేపుతో కలిసిపోతుంది. పైగా "అమ్మ"లో అ లాగా అచ్చు ఒంటరిగా వస్తే "ఇక్కడ హల్లు లేదు" అని చెప్పే గుర్తు ఒకటి కావాలి. అంటే రెండు హల్లులు వదులుకోవాలి. ఝ, ఢ పోయాయి. మా పుస్తకంలో ఢిల్లీ డిల్లీ అయింది. దాని మీద ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు నాకు గంటసేపు ఫోన్‌లో క్లాస్ తీసుకున్నారు.

మిగతాది ఇలా కుదిరింది. ఒక్కో అక్షరానికి రెండు వరసలు. మొదటిది హల్లు, రెండోది గుణింతం. వత్తు వస్తే గుణింతం చోట పొల్లు కొట్టి, తర్వాతి హల్లుకు పోవడమే. "అమ్మ" అంటే హల్లు లేదు, అ, మ, పొల్లు, మ, అ. ఆరు వరసలు. చిన్నప్పుడు పలక మీద దిద్దినప్పటి తర్వాత ఒక మాటను ఇంత విడగొట్టి చూసింది అప్పుడే.

అపోహ: మెషిన్ చేస్తుంది, మనిషి మీట నొక్కితే చాలు

ఆ టేపుకి పంచింగ్ మెషిన్ లేదు. బెల్టుకి రంధ్రాలు వేసే పంచ్‌తో, బిల్లు మెషిన్ల కాగితపు రోల్ మీద చేత్తో కొట్టాం. కాపీకొక మూర పొడుగు టేపు. అంతా నేనే కొడతానని గొప్పలు పోయి, పదిహేనో కాపీకి మణికట్టు వాచి కూర్చున్నాను. మిగతావి కొట్టింది నైమ్‌నగర్ హాస్టల్ పిల్లలిద్దరు. పుస్తకం చేతికొచ్చాక అందరూ "టెలిప్రింటర్‌లో తీశారా?" అని అడిగారు. ఆ పిల్లల చేతులు ఒక్కరికీ కనిపించలేదు. పాత వార్తాయంత్రాల చరిత్రంతా ఇలాగే సాగింది.

టెలిగ్రాం సంగతే చూడండి. దీపావళికో పెళ్ళికో శుభాకాంక్షలు పంపడానికి తంతి ఆఫీసులో అచ్చేసిన వాక్యాల పట్టిక ఉండేది. మనం దాని నంబరు రాస్తే చాలు, తీగ మీద నంబరే పోయేది. అవతలి ఊళ్ళో ఒక ఉద్యోగి ఆ నంబరును మళ్ళీ వాక్యంగా మార్చేవాడు. ఇంకొకాయన సైకిలెక్కి ఇల్లు వెతుక్కుంటూ పోయేవాడు. 2013 జులైలో ఆ సర్వీసు మూసేసినప్పుడు పేపర్లన్నీ "ఒక యుగం ముగిసింది" అని రాశాయి. ముగిసింది కొందరి రోజువారీ పని కూడా.

దినపత్రికలదీ అదే కథ. టెలిప్రింటర్ రాత్రంతా టకటకమంటూ ఇంగ్లీషులో వార్తలు కక్కేది. తెల్లారేసరికి అవి మన చేతికి తెలుగులో వచ్చేవంటే మధ్యలో ఒక సబ్ ఎడిటర్ టీ తాగుతూ కూర్చున్నాడనే అర్థం. వార్త మీద ఏజెన్సీ పేరుంటుంది, ఆయన పేరుండదు.

ఇంకా వెనక్కి పోతే, టెలిగ్రాఫ్‌కు చుక్కలు, గీతల కోడ్ తెచ్చిన మోర్స్‌తో కలిసి పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ వెయిల్ ఒక ప్రెస్సుకు పోయి, కేసుల్లో ఏ అక్షరం టైపులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాడని చెబుతారు. ఎక్కువ ఉన్న అక్షరానికి పొట్టి గుర్తు. అందుకే ఇంగ్లీషు 'ఈ'కి ఒకే ఒక్క చుక్క. ప్రపంచాన్ని కలిపిందని పొగిడే ఆ కోడ్ వెనక టైపు పేర్చే కంపోజిటర్ల కేసు ఉందన్నమాట. ఇంగ్లీషులో 'టైప్‌రైటర్' అనే మాట మొదట్లో మెషిన్‌తో పాటు దాని ముందు కూర్చున్న మనిషికి కూడా వాడేవారు. తర్వాత మాట మెషిన్‌కు మిగిలింది.

అపోహ: తెలుగు ఈ మెషిన్లకి కుదరదు

కుదిరింది. ఊరికే కుదరలేదు, జనం కుదిర్చారు. తెలుగు టైప్‌రైటర్ మీద కొన్ని గుర్తులు కొడితే క్యారేజ్ కదలదు. అంటే గుర్తు ముందు కొట్టి, దాని నెత్తిన అక్షరం తర్వాత కొట్టాలి. చేతిరాతలో తర్వాత వచ్చేది ఇక్కడ ముందు వస్తుంది. టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు రాసినవాళ్ళు ఈ తిరకాసును వేళ్ళకు నేర్పేసి మర్చిపోయారు. అడిగితే చెప్పలేరు, కూర్చోబెడితే కొట్టేస్తారు.

స్టెన్సిల్ మరీ చిత్రం. రిబ్బన్ లివర్‌ని స్టెన్సిల్ గుర్తు మీద పెడితే రిబ్బన్ పైకి లేవదు, అక్షరం నేరుగా మైనపు పూత కాగితం మీద పడి కోస్తుంది. ఆ కోతలోంచే సిరా దిగుతుంది. మన అక్షరాలన్నీ గుండ్రం కదా, కాస్త గట్టిగా కొడితే సున్న మధ్యలోని కాగితం ముక్క ఊడిపోయి, అచ్చులో నల్లటి మచ్చ పడుతుంది. మెల్లగా కొడితే తలకట్టు రాదు. అంటే తలకట్టుకో బలం, సున్నకో బలం. నేను మొదటి స్టెన్సిల్ కొట్టినప్పుడు "అందం" అనే మాట ఎక్కడ వచ్చినా మచ్చే పడింది. కోర్టు దగ్గర ముప్పై ఏళ్ళు టైపు కొట్టిన పెద్దాయన ఒకరు అది చూసి నవ్వి, "సున్న కాడ వేలు ఎత్తుకోవాలె బిడ్డా, నొక్కొద్దు" అన్నారు. తప్పు పడితే సరిచేసే ద్రవం దొరకడం లేదంటే, గోళ్ళ రంగు తెచ్చుకొమ్మన్నదీ ఆయనే. పనిచేస్తుంది. మా ఇంట్లో మాత్రం గొడవైంది.

సీసం టైపు గురించి ఒక్కటే చెబుతాను. తెలుగు కేసుల్లో గుణింతాలు, వత్తులతో కలిపి వందల రకాల టైపులుంటాయి. కంపోజిటర్ స్టిక్‌లో (చేతిలో పట్టుకునే చిన్న పట్టెలో) వాటిని తలకిందులుగా పేరుస్తూ తలకిందులుగానే చదువుకుంటాడు. ఇది అందరూ ఫొటో తీసుకునే పని. అచ్చయిపోయాక ఒక్కో టైపునూ మళ్ళీ దాని అరలో వెయ్యాలి, దాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. దాన్ని ఎవరూ ఫొటో తియ్యరు. అది సరిగ్గా చెయ్యకపోతే రేపటి పుస్తకం మొత్తం అచ్చుతప్పులే. మా నాలుగు కేసుల టైపూ ఒక మూతబడ్డ ప్రెస్సు వాళ్ళు కిలోల లెక్కన కరిగించడానికి పంపుతుంటే ఆపి కొన్నది. సగం అప్పటికే కరిగిపోయింది. అందుకే మా పుస్తకాల్లో 'ణ' ఎక్కువగా కనిపించదు. రచయితలకు ముందే చెబుతాను.

అపోహ: ఇది విదేశాల నుంచి వచ్చిన ఫ్యాషన్

మన పక్కనే ఇనుగుర్తి ఉంది. 1922లో ఒద్దిరాజు సోదరులు, సీతారామచంద్రరావు, రాఘవరంగారావు, ఆ ఊళ్ళో ప్రెస్సు పెట్టి 'తెనుగు' అనే వారపత్రిక నడిపారు. నిజాం రాజ్యంలో, ఉర్దూ ఏలుతున్న కాలంలో, ఒక పల్లెటూళ్ళో! ఇక్కడ హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం 1904 నుంచీ ఉంది. కాలేజీల్లో చేత్తో రాసి, ఒకటే కాపీ చేతులు మారే లిఖిత పత్రికలు నడిచిన సంగతి పెద్దవాళ్ళకి గుర్తే. తక్కువ కాపీలు, చేతిలో ఉన్న సాధనం, ఎవరి అనుమతీ అడగని పట్టుదల. ప్రయోగం అనే పేరే కొత్తది.

అపోహ: ఐఎస్‌బీఎన్ లేకపోతే అది పుస్తకమే కాదు

ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికిచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు. మన దేశంలో ఆ నంబరు ఉచితం, తప్పనిసరేం కాదు. దుకాణాలకూ లైబ్రరీలకూ ఇస్తే తీసుకోవడం మంచిది. నేను కొన్నిటికి తీసుకున్నాను, కొన్నిటికి బద్ధకించాను.

అంతకన్నా ఆసక్తికరమైనది పుస్తకం వెనక "ముద్రణ: ఫలానా ప్రెస్" అని ఉండే లైను. అది మర్యాద కోసం పుట్టలేదు. 1867 నాటి బ్రిటిష్ చట్టం ముద్రాపకుడి పేరు, అచ్చయిన చోటు ప్రతి పుస్తకం మీదా ఉండాలంది. తేడా వస్తే ఎవరి తలుపు కొట్టాలో తెలియాలి కదా. ఆ చట్టం స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టంలో పుస్తకాల ఊసు లేదు, పత్రికలు మాత్రమే ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఆ లైనులో పడింది యజమాని పేరు. కంపోజిటర్, ప్రూఫ్ రీడర్, బైండరు దర్యాప్తుకు కూడా అక్కర్లేనివాళ్ళు.

అపోహ: పేర్లు వేస్తే లెక్క తీరిపోతుంది

ఈ అపోహ నాదే. పై సంగతి తెలిశాక మా ప్రతి పుస్తకం చివరా ఒక పేజీ పెట్టాను. టైపు ఎవరు కొట్టారు, ఫారాలు (అచ్చయిన పెద్ద కాగితాలు) ఎవరు మడిచారు, గంజి ఎవరు కాచారు, అన్నీ అందులో. మైదా గంజిలో మైలుతుత్తం కలపకపోతే ఆ పుస్తకాన్ని పురుగులే ముందు చదువుతాయి, కాబట్టి గంజి పనీ చిన్నదేం కాదు. ఆ పేజీ మీద నాకు బాగా గర్వంగా ఉండేది.

మాకు ఫారాలు మడిచే అక్క మట్టెవాడలో ఉంటుంది. ఇంటి పని అయ్యాక, గడప దగ్గర కూర్చుని, బొటనవేలి గోరుతో గీత పెట్టినట్టు మడుస్తుంది. పదహారు పేజీల ఫారం మూడు మడతలు. నంబర్లు చూడదు, కాగితం అంచు చూస్తుంది. పుస్తకం చేతికిచ్చి ఆఖరి పేజీ చూపిస్తే, తన పేరు మీద వేలు పెట్టి కాసేపు చూసింది.

"మంచిగుంది తమ్మీ. గీ పేరు నేనేం జేసుకోవాలె? వంద ఫారాలకు ఓ ఇరవై పెంచరాదు."

డీటీపీలో పేజీకి నేను ఎంత తీసుకుంటున్నానో, ఆ రేటు ఎన్నిసార్లు పెంచానో అక్కడే నిలబడి లెక్క వేసుకున్నాను. మడత రేటు నాలుగేళ్ళుగా కదల్లేదు. పాతిక పెంచాను. పోయిన రెండు పుస్తకాల తేడా కూడా ఇచ్చేశాను. వచ్చే పుస్తకంలో పేరు ఉంచాలా వద్దా అని అడిగితే, ఉంచమంది. కాకపోతే ఇంటిపేరు తప్పు పడిందట, అది సరిచెయ్యమంది.