సాల్జ్‌బర్గ్ ఇనుప బోర్డుల గొడవ 1967 నుంచే ఉంది

ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ పాతబస్తీలో గెట్రైడెగాస్ అని ఒక ఇరుకు వీధి. ఆ దుకాణాల మీద వేలాడే కమ్మరి చేత్తో వంచి చేసిన ఇనుప బోర్డులు వారసత్వమా, వేషమా అన్న వాదన ఆగీ ఆగీ రేగుతూనే ఉంటుంది. మెక్‌డొనాల్డ్స్ పసుపు ఎం అక్షరం కూడా అక్కడ నగిషీ ఇనుములోనే వేలాడుతోంది మరి.

చదువురానివాళ్లకు గుర్తుగా తాళంచెవి, బూటు బొమ్మలు కట్టిన రోజుల గురించి, 1756లో ఇదే వీధిలో తొమ్మిదో నంబరు ఇంట్లో పుట్టిన సంగీతకారుడు మోజార్ట్ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఈ తగువు మొదలైంది 1960లలో.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊళ్లో పాత ఇళ్లు ఒక్కొక్కటిగా కూలుతున్నాయి. కళాచరిత్రకారుడు హన్స్ జెడ్ల్‌మయర్ 1965లో ఒక చిన్న పుస్తకం వేసి గట్టిగా నిలదీశాడు. రెండేళ్లకే, 1967లో, పాతబస్తీ పరిరక్షణ చట్టం వచ్చింది. గొప్ప పనే, కాదనను. కానీ ఆ చట్టం ఇంటిని వీధిలో నిలబడి చూసింది. ముందు గోడ, కిటికీ, పైకప్పు, బోర్డు చెక్కుచెదరకూడదంది. వెనక మెట్లు, దూలాలు, గదులు పీకేసి కాంక్రీటు పోసుకుంటే అడ్డుపడలేదు. 1980లో చట్టాన్ని మార్చి లోపలి కట్టడానికీ రక్షణ ఇచ్చారు. అప్పటికే పోయినవి పోయాయి. 1996లో పాతబస్తీకి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది.

లోపల ఎవరు ఏం పని చేసుకుంటున్నారన్నది మాత్రం ఆ చట్టం అంతగా పట్టించుకోలేదు. నా ఉద్దేశంలో ఇప్పటి గొడవంతా ఇక్కడే ఉంది.

పెద్ద కంపెనీల తరఫువాళ్లు, మేం నిబంధన పాటించాం కదా అంటారు. నిజమే. ప్లాస్టిక్ లైటు డబ్బా పెట్టనివ్వకపోవడం వల్లే ఆ వీధి అలా ఉంది, కమ్మరికి కొత్త ఆర్డరూ దొరుకుతోంది.

పాత వీధిని ప్రేమించేవాళ్ల బాధ వేరు. చెప్పులు కుట్టేవాడి మీద బూటు బొమ్మ వేలాడితే అది ఆ మనిషి పనికి గుర్తు. నిప్పులో కాల్చి, సుత్తితో వంచి, బంగారు రేకు అద్దిన ఆ వస్తువు లోపల జరిగే పని గురించి నిజం చెప్పేది. పర్యాటకుల రద్దీకి అద్దెలు పెరిగి చిన్న పనివాడు ఖాళీ చేస్తే, అదే నగిషీలో ఏ దేశంలోనైనా దొరికే బ్రాండు పేరు వచ్చి కూర్చుంటుంది. చూడ్డానికి అందంగానే ఉంటుంది. దాన్ని వారసత్వం అనడానికి మాత్రం నాకు మనసొప్పదు. కొత్త బోర్డుకు అనుమతి అడిగినప్పుడు దాని కొలత, ఇనుప పనితనంతో పాటు దాని కింద తలుపు తెరిచేది ఎవరో కూడా అడగాలి.