మంచం చుట్టూ అంతమంది డాక్టర్లెందుకు?

మన వీధి పిల్లలందరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న కాకినాడ పెద్దాసుపత్రి నుంచి తిరిగొచ్చిన మీ జట్టు పిల్లవాడు నన్నో మాట అడిగాడు. "అమ్మమ్మా, ఒక్క డాక్టరు చూస్తే చాలదా? పొద్దున్నే పదిమంది వస్తారు. వచ్చిన ప్రతివాళ్లూ జ్వరం ఎప్పుడొచ్చిందనే అడుగుతారు. ఒకళ్లు రాసుకున్నది ఇంకొకళ్లు చదువుకోరా?" ఈ అనుమానం మీ అమ్మానాన్నలకీ ఉంటుంది, కాకపోతే మొహమాటపడి అడగరు. పిల్లల వార్డుల్లో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, ఆ మంచానికి రెండో వైపు నిలబడి చూసినదాన్ని గనక కాస్త వివరంగానే రాస్తున్నాను. చిన్నవాళ్లకి పెద్దవాళ్లు చదివి వినిపించండి.

కాకినాడ జనరల్ ఆసుపత్రి 1958లో మొదలైన రంగరాయ వైద్య కళాశాలకి అనుబంధం. అక్కడ రోగం నయం చెయ్యడం, నయం చెయ్యడమెలాగో నేర్పడం రెండూ ఒకే మంచం దగ్గర జరుగుతాయి. హైదరాబాదులో 1953లో పెట్టిన నిలోఫర్ ఆసుపత్రి తల్లులకీ పిల్లలకీ ప్రత్యేకం, అదీ బోధనాసుపత్రే. ఇలాంటి చోట మీ మంచం దగ్గరికి అందరికన్నా ముందు వచ్చేది హౌస్ సర్జన్. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు చదివి, చివరి ఏడాది ఆసుపత్రిలో పనిచేస్తున్నవాళ్లు. తరవాత పీజీలు వస్తారు. వీళ్లు డాక్టర్లయిపోయాక పిల్లల వైద్యం కోసమే మూడేళ్ల ఎండీ చేస్తున్నవాళ్లు. రాత్రి రెండింటికి మీకు ఆయాసం వస్తే పరిగెత్తుకొచ్చేది ఎక్కువగా వీళ్లే. వీళ్లపైన అసిస్టెంటు ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్, అందరిపైన యూనిట్ చీఫ్. పొద్దున రౌండ్స్‌లో అందరూ ఒకేసారి వస్తారు కాబట్టి మీకు జాతరలా కనిపిస్తుంది.

అడిగిందే మళ్లీ అడగడం గురించి చెప్తాను. ఒకసారి గోదావరి లంక నుంచి రెండేళ్ల బాబుని తీసుకొచ్చారు. రెండు వారాలుగా దగ్గు, పిల్లికూతలు. ఉబ్బసమనుకుని మందులు వాడారు, తగ్గలేదు. హౌస్ సర్జన్ అడిగాడు, ఎన్నాళ్ల నుంచి దగ్గని. రెండు వారాలంది తల్లి. ఆ తరవాత వచ్చినవాళ్లకీ అదే జవాబు. సాయంత్రం ఒక పీజీ అమ్మాయి వచ్చి, తల్లిని వదిలేసి, గోడవారగా కూచున్న నాయనమ్మ పక్కన తనూ కింద కూచుంది. "దగ్గు మొదలైన పూట బాబు ఏం చేస్తున్నాడండి?" అనడిగింది. "ఆయ్, అరుగు మీద కూచుని ఏగిన శనక్కాయలు తింటున్నాడండి. పొలమారిందండి. కాసేపు దగ్గి ఊరుకున్నాడు. అదేముందిలే అనుకున్నామండి" అంది ఆవిడ.

ఆ అమ్మాయి స్టెతస్కోపు పెట్టి రెండు వైపులా మార్చి మార్చి విన్నది. కుడివైపు గాలి చప్పుడు తక్కువ. ఎక్స్‌రే తీస్తే అందులో గింజ కనపడదు. వేరుశనగ గుండు ఎముకలాగా, నాణెంలాగా నీడ పడేది కాదు. కానీ కుడి ఊపిరితిత్తిలోకి పోయిన గాలి బయటికి రాలేక అక్కడే నిలిచిపోవడం వల్ల ఆ వైపు ఉబ్బి, నల్లగా కనిపించింది. మత్తిచ్చి, దీపమున్న సన్నని గొట్టం గాలిగొట్టంలోకి దింపి, శనక్కాయ బద్ద ముక్క తీశారు. మర్నాడు చీఫ్ విద్యార్థులందరినీ పిలిచి ఒక్కొక్కళ్ల చేతా ఆ బాబు వీపు మీద స్టెతస్కోపు పెట్టించారు. నాలుగోసారి అడిగిన ప్రశ్న వల్ల ఆ బాబు బయటపడ్డాడు. వాళ్లు రాసుకున్నది చదువుకోక కాదు నాన్నా మళ్లీ అడిగేది. చెప్పేవాళ్లకి ఒక్కోసారి ఒక్కో సంగతి గుర్తొస్తుంది, అడిగేవాళ్లకి ఒక్కొక్కళ్లకి ఒక్కో అనుమానం వస్తుంది. (అన్నట్టు, మీ తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నాలుగైదేళ్లు నిండేదాకా శనక్కాయ గుళ్లు, బఠాణీలు చేతికివ్వకండి.)

పిల్లలకి వేరే డాక్టర్లెందుకో కూడా చెప్పాలి. మీ నాన్నగారి గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. అప్పుడే పుట్టిన పాపది 120 నుంచి 160. పెద్దవాళ్లకి ప్రమాదమనిపించే లెక్క పసిపాపకి మామూలు, పెద్దవాళ్లకి మామూలైనది పాపకి ప్రమాదం. మందయితే పెద్దవాళ్లకి ఒక మాత్ర అంటే సరిపోతుంది. మీకు ముందు తూకం వెయ్యాలి, కిలోకి ఇంతని లెక్క కట్టాలి, డాక్టరు కట్టిన లెక్క నర్సు మళ్లీ సరిచూడాలి. పైగా చంటివాళ్లు ఎక్కడ నొప్పో చెప్పలేరు. ఏడుపు తీరునీ, పాలు తాగే తీరునీ చూసి పట్టుకోవాలి.

అన్నిటికన్నా ముందు నేర్పేది ఊపిరి లెక్కపెట్టడం. కొత్తగా చేరిన హౌస్ సర్జన్ అమ్మాయి ఎనిమిది నెలల పాప ముందు మోకాళ్ల మీద కూచోవడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. పాప తల్లి ఒళ్లో నిద్రపోతోంది. చొక్కా పైకి జరిపి, వాచీ పాప పొట్ట పక్కన పెట్టుకుని, పొట్ట లేచినప్పుడల్లా పెదవి కదుపుతూ నిమిషం పూర్తయ్యేదాకా లెక్కపెట్టింది. అరనిమిషం చూసి రెట్టింపు చెయ్యకూడదు, చంటిపిల్లల ఊపిరి కాసేపు గబగబా నడుస్తుంది, కాసేపు ఆగుతుంది. 52 వచ్చింది. ప్రొఫెసర్ గారు తనూ పూర్తి నిమిషం లెక్కపెట్టారు. 54. రెండు నెలల లోపు పాపకి 60, ఏడాది లోపు వాళ్లకి 50, ఐదేళ్ల లోపు వాళ్లకి 40, అంతకి చేరినా దాటినా అది వేగంగా పీలుస్తున్నట్టే. దగ్గుతో పాటు ఇలా ఉంటే న్యుమోనియా అనుమానించాలి. ఏ మిషనూ అక్కర్లేదు, సెకన్ల ముల్లున్న వాచీ, ఓపిక ఉంటే చాలు. అంత పెద్ద ప్రొఫెసరు ఆ పని మళ్లీ తన చేత్తో చెయ్యడం చూసి ఆ అమ్మాయి నేర్చుకున్నది పుస్తకంలో దొరకదు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గది వేరే ఉంటుంది. అక్కడి డాక్టర్లని నియోనాటాలజిస్టులంటారు. ఎండీ తరవాత ఇంకో మూడేళ్లు పసికందుల వైద్యమే చదివి వస్తారు. ఏడో నెలలో పుట్టిన కిలో బరువు పాప ఒంట్లో మొత్తం రక్తం 80, 90 మిల్లీలీటర్లు, మన టీకొట్టు గ్లాసుడన్నమాట. అందుకే అక్కడ పరీక్షకి తీసిన ప్రతి చుక్కా రాసుకుంటారు, అవసరం లేని పరీక్ష రాసిన పీజీకి అక్షింతలు పడతాయి. ఊపిరితిత్తులు ఇంకా విచ్చుకోని పాపకి సన్న గొట్టంతో సర్ఫాక్టెంట్ అనే మందు లోపలికి పంపిస్తారు. కాస్త నిలదొక్కుకోగానే అమ్మ గుండెల మీద, ఒంటికి ఒళ్లు ఆనేట్టు పెట్టి కట్టేస్తారు. కొలంబియా దేశంలోని బొగోటాలో 1978లో మొదలైన పద్ధతిది. ఎంత పెద్ద ఆసుపత్రిలోనైనా ఆ వెచ్చదనానికి మించిన మందు లేదని నా నమ్మకం.

ఆ గదిలో నీలం దీపాల కింద, కళ్లకి గంతలతో పడుకున్న పాపల్ని చూసి భయపడకండి, అది పసిపిల్లల కామెర్లకి వైద్యం. దాని వెనక నాలాంటి నర్సే ఉంది. ఇంగ్లండులో రోచ్‌ఫర్డ్ అనే ఊరి ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అని ఒకావిడ పసిపాపల్ని ఎండలోకి తీసుకెళ్లేది. 1956లో ఒకరోజు పాప బట్ట తప్పించి డాక్టర్లకి చూపించింది: ఎండ తగిలినచోట పసుపు విరిగింది, బట్ట కప్పినచోట అలాగే ఉంది. వాళ్లు ఆమె మాట కొట్టిపారెయ్యకుండా వెంటపడి పరీక్షించి 1958లో ప్రచురించారు. కామెర్ల పాపని మీరే ఎండలో పెట్టి ఊరుకోమని కాదు సుమా, డాక్టరు చూడాల్సిందే. నర్సు చెప్పింది ప్రొఫెసరు చెవిన పెట్టే చోటే మంచి బోధనాసుపత్రి అని చెప్తున్నాను.

ఇంకా ఎందరో ఉంటారు. అన్నవాహిక మూసుకుపోయి పుట్టిన పాపకి ఆపరేషన్ చేసే పిల్లల సర్జన్, ఆ చిన్న ప్రాణానికి మత్తిచ్చి మళ్లీ జాగ్రత్తగా లేపే డాక్టరు, గుండె డాక్టరు, ఫిట్స్ చూసే నరాల డాక్టరు. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తహీనత ఉన్న పిల్లలు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోడానికి వస్తారు. రంపచోడవరం వైపు మన్యం పిల్లల్లో సికిల్ సెల్ అనే రక్తకణాల జబ్బుంటుంది. వీళ్లని నెలనెలా చూసే డాక్టర్లు వీళ్లతో పాటు పెద్దవాళ్లవుతారు.

రక్తం మాటొచ్చింది గనక మన జిల్లాల పిల్లలు తప్పకుండా తెలుసుకోవలసిన మనిషి గురించి రాస్తాను. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. రాజమండ్రిలో, మద్రాసులో చదివి, అమెరికా వెళ్లి, లెడర్లీ అనే కంపెనీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తయారుచేసింది. స్ప్రూకి పనికొచ్చే మందదే. ఆ రోజుల్లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరుండేవారు. అది హార్వర్డ్ విద్యార్థులు నేర్చుకునే ఆసుపత్రి. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకి అప్పట్లో వైద్యమే లేదు. ఫోలిక్ కోవకి చెందిన మందులిస్తే జబ్బు ఇంకా పెరగడం ఫార్బర్ గమనించారు. అయితే ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునేది ఇస్తేనో అనుకున్నారు. ఆ అడ్డుకునే మందు అమినోప్టెరిన్‌ని చేసిచ్చింది సుబ్బారావు గారి బృందమే. 16 మంది పిల్లలకిస్తే 10 మందికి గుణం కనిపించింది. ఎక్కువకాలం నిలవలేదు, జబ్బు తిరగబెట్టింది. కానీ ఆ క్యాన్సర్ మందుకి లొంగుతుందని లోకానికి మొదటిసారి తెలిసింది. 1948 జూన్‌లో ఆ సంగతి అచ్చయింది, ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. అదే కోవకి చెందిన మెథోట్రెక్సేట్‌ని ఈనాటికీ పిల్లల రక్త క్యాన్సర్‌కి వాడుతున్నారు, సరైన వైద్యం అందిన పిల్లల్లో ఎక్కువమంది బతికి బడికి వెళ్తున్నారు. మీరు భీమవరం వెళ్లినప్పుడల్లా ఇది తలచుకోవాలని నా కోరిక.

ఇక మీరు చెయ్యవలసింది. డాక్టరడిగితే అమ్మ వైపు చూడకండి, నొప్పి ఎక్కడో మీ వేలితో మీరే చూపించండి. బడి మానడానికి చెప్పిన అబద్ధమేదైనా ఉంటే అక్కడ ఒప్పేసుకోండి, ఎవరూ కొట్టరు. విద్యార్థులు ఒకరి తరవాత ఒకరు పొట్ట నొక్కుతుంటే ఇబ్బందిగా ఉందా? "ఇప్పుడొద్దండి" అనండి, "మా అమ్మ పక్కనుంటేనే" అనండి. అలా అనే హక్కు మీకుంది. కొందరు మీ మంచం మీదుగా మీకు అర్థంకాని ఇంగ్లీషులో మాట్లాడుకుని వెళ్లిపోతారు. నాకు నచ్చనిది అదొక్కటే. చెయ్యి పట్టుకుని ఆపి "నాకేమైందండి?" అని అడగండి. మంచి డాక్టరు ఆగుతాడు. ఇంజెక్షన్ నొప్పి పెట్టదని ఎవరైనా అంటే నమ్మకండి, పెడుతుంది, కాసేపే.

గోదావరి మీద ఎదుర్లంక వంతెన లేని రోజుల్లో ఇక్కడి వాళ్లు చంటిపిల్లల్ని పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద యానాం దాటించి కాకినాడ తీసుకెళ్లేవారు. రాత్రయితే తెల్లారేదాకా రేవులోనే. ఇప్పుడా బాధ లేదు గనక ఆలస్యం చెయ్యకండి. మీ ఇంట్లో చంటిపాప డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, లేపితే లేవకుండా మగతగా ఉన్నా, తాయెత్తులూ దిష్టితీతలూ తరవాత, ముందు 108కి ఫోన్ చెయ్యమని పెద్దవాళ్లకి చెప్పండి. వాళ్లు తటపటాయిస్తుంటే వచ్చి నన్ను లేపండి, అర్ధరాత్రయినా సరే.

మీ
అమ్మమ్మ