మూడు పెన్సిల్ సెల్లుల దీపం

ఒరే గుంటల్లారా,

రాయగడ బడిలో మీకు ఒడియా అలవాటైపోయినా తాతయ్య ఉత్తరం మాత్రం తెలుగులోనే వస్తుంది, కూడబలుక్కుని చదువుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఇక్కడ పర్లాకిమిడిలో స్తంభాలు ఒరిగిపోయి, కరెంటు ఎప్పుడొస్తుందో తెలీక ఫోన్ లైటు పొదుపు చేసుకుంటూ కూర్చున్నాక నేను చేసుకున్న దీపం సంగతి ఇది.

తెల్ల ఎల్‌ఈడీ ఒకటి, పెన్సిల్ సెల్లులు మూడు, అవి పట్టే ప్లాస్టిక్ హోల్డరు, స్విచ్చి, కరెంటుని అదుపులో పెట్టే 220 ఓమ్‌ల రెసిస్టరు. రెసిస్టరు మీద ఎరుపు, ఎరుపు, గోధుమ చారలుంటాయి, చివర బంగారు రంగుది.

అసలు కిటుకంతా ఆ రెసిస్టర్లోనే ఉంది. నేను మొదట అదెందుకులే అని 9 వోల్టుల బేటరీకి నేరుగా తగిలించాను, ఎల్‌ఈడీ ఒక్కసారి మెరిసి చచ్చింది. వోల్టులు కాస్త ఎక్కువైతే చాలు, ఎల్‌ఈడీ కరెంటుని ఎగబడి లాగేస్తుంది, ఆపుకోవడం దానికి చేతకాదు. మూడు సెల్లులు కలిపి 4.5 వోల్టులు, ఎల్‌ఈడీకి సుమారు 3 పోతాయి, మిగిలిన 1.5 రెసిస్టరు మీద పడుతుంది. 1.5ని 220తో భాగించండి, దాదాపు 0.007 ఆంపియర్లు, అంటే 7 మిల్లీఆంపియర్ల కరెంటు. మామూలు 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ 20 దాకా తట్టుకుంటుంది కదా, ఇంత పిసినారితనం ఎందుకంటారా? కరెంటు సగానికి తగ్గించినా మన కంటికి వెలుగు సగమైనట్టు అనిపించదు, సెల్లులు మాత్రం రెట్టింపు రోజులొస్తాయి. మంచి ఆల్కలైన్ సెల్‌లో సుమారు 2000 మిల్లీఆంపియర్ అవర్ల నిల్వ ఉంటుంది (మూడూ వరసగా పెడితే వోల్టులు కలుస్తాయి గానీ నిల్వ కలవదు, ఇక్కడ నేనూ పొరబడ్డాను). 7తో భాగిస్తే 280 గంటల పైమాటే, రాత్రికి నాలుగు గంటల లెక్కన రెండు నెలలు దాటుతుంది. చివరి రోజుల్లో మసకగా వెలుగుతుందనుకోండి, గ్లాసు ఎక్కడుందో వెతుక్కోడానికి అది చాలు.

అన్నీ ఒకదాని వెంట ఒకటి వరసగా కలపండి, ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపు. రెసిస్టరు ఏ వైపున్నా ఫర్వాలేదు. తీగలు గట్టిగా మెలిపెట్టి టేపు చుట్టండి, సోల్డరింగ్ చేస్తామంటే అమ్మ పక్కనుండాలి. వెలుగు టార్చిలా ఒకచోటే పడుతోందంటే ఎల్‌ఈడీ తలని గరుకు కాగితంతో రుద్దండి, గదంతా పరుచుకుంటుంది. పాత సెల్లులూ కొత్తవీ కలపొద్దు, వాడనప్పుడు తీసేయండి, లేకపోతే కారి హోల్డరు పాడవుతుంది. గోడ ప్లగ్గు జోలికి మాత్రం వెళ్లారో, నేనే బస్సెక్కి వస్తాను!

ఎల్‌ఈడీలు ఒకటి కాదు, అయిదారు కొనుక్కోండి. నావి మూడు కాలాయి.

మీ తాతయ్య