ముక్కులోంచి చేసే డీసీఆర్: దారి ఎన్నేళ్లు తెరిచి ఉంటుంది?

కంటి లోపలి మూలనున్న సంచి నుంచి ముక్కులోకి దిగే కన్నీటి నాళం మూసుకుపోతే కన్ను అదేపనిగా నీరు కారుతుంది. నిలిచిన నీటిలో క్రిములు చేరితే అక్కడ వాచి, నొక్కితే చీము వస్తుంది. సంచికీ ముక్కుకూ మధ్యనున్న ఎముకను తొలిచి కన్నీటికి కొత్త దారి ఇచ్చే డీసీఆర్ ఆపరేషన్‌ను 1904లో ఇటలీ వైద్యుడు టోటి చర్మం మీద కోతపెట్టి చేశారు. సంచి లోపలి పొరనూ ముక్కు లోపలి పొరనూ కలిపి కుట్టే పద్ధతి 1921లో వచ్చాక, దారి మళ్లీ పూడుకుపోవడం బాగా తగ్గింది.

ముక్కులోంచి చేయాలన్న ఆలోచన ఇంకా పాతది. కాల్డ్‌వెల్ అనే వైద్యుడు 1893లోనే దాన్ని వివరించినా, ఇరుకైన ముక్కులో లోతుగా చూసే సాధనం లేక అది వెనకబడింది. 1989లో మెక్‌డొనో, మీరింగ్ అనే వైద్యులు ఎండోస్కోప్‌తో (లోపలి భాగాన్ని చూపే సన్నని గొట్టంలాంటి సాధనం) చేసి చూపాక మళ్లీ ఊపందుకుంది. ముఖాన మచ్చ పడకపోవడం పెద్ద ఆకర్షణే అయినా, తొలినాళ్లలో ఫలితాలు బయటి కోతకు సాటిరాలేదు. లేజర్‌తో చేసినప్పుడు రంధ్రం చిన్నదిగా ఉండటం, వేడికి చుట్టూ మచ్చ కట్టడం ఇందుకు కారణాలు. సంచి పైభాగం అనుకున్నదానికన్నా చాలా ఎత్తున ఉంటుందని స్కాన్లలో స్పష్టమయ్యాక, 2000 తర్వాత వోర్మాల్డ్ వంటి వైద్యులు డ్రిల్లుతో పైదాకా ఎముక తీసి, సంచిని పూర్తిగా తెరిచి, దాని పొరను ముక్కు పొరకు ఆనించడం మొదలుపెట్టారు. అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. ఇప్పుడు అనుభవజ్ఞుల చేతుల్లో విజయశాతం 90 పరిసరాల్లో ఉండి, బయటి కోతతో సరితూగుతోంది.

అయితే మానిన రంధ్రం ఎప్పుడూ కుంచించుకుపోతుంది. బయటి కోత రోగులపై 1982లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎముకలో దాదాపు 12 మిల్లీమీటర్ల మేర చేసిన రంధ్రం మానాక సగటున 2 మిల్లీమీటర్ల లోపే మిగిలింది. నీరు దిగడానికి అదే సరిపోయింది. ఈ కుంచించుకుపోవడం చాలావరకు తొలి వారాల్లోనే జరుగుతుంది, వైఫల్యాల్లో ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే బయటపడతాయి. అందుకే మూడు నెలలకే లెక్క ముగించిన ఫలితాలను జాగ్రత్తగా చదవాలి. పైగా కుదుటపడినవారు మళ్లీ ఆసుపత్రికి రారు కాబట్టి, ఏళ్ల తరబడి వివరాలు సేకరించడం కష్టం. సిరంజితో నీరు ఎక్కిస్తే సాఫీగా దిగినా, రెప్పల కండరం బలహీనమై కన్నీటిని సంచిలోకి నెట్టలేకపోతే కన్ను కారుతూనే ఉంటుంది. పరీక్షలో అది విజయం, రోగికి కాదు. దారే మూసుకుపోతే మాత్రం ఎండోస్కోప్‌తో అడ్డుపడిన మచ్చను కళ్లారా చూసి తొలగించి, అదే దారిని తిరిగి తెరవవచ్చు.