చలిగాలిలో బండి ప్రయాణం: అర మిల్లీమీటరు పొర కథ

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సెమిలిగుడ నుంచి ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. కూరగాయల వ్యాపారం పని మీద ఆయన చలికాలంలో తరచుగా తెల్లవారుజామునే మోటారుసైకిలు మీద సాలూరుకు దిగుతారు. చొక్కా మీద ఒక స్వెట్టరు, దాని మీద మరొక స్వెట్టరు వేసుకున్నా పొట్టంగి చేరేసరికి ఒళ్ళంతా వణుకుతోందనీ, తనతో పాటు మరో బండి మీద వచ్చే మేనమామ మాత్రం ఒక్క స్వెట్టరు మీద వానాకాలపు రెయిన్‌కోటు తొడుక్కుని, లోపల ఛాతీకి అడ్డంగా నిన్నటి దినపత్రిక పెట్టుకుని నిశ్చింతగా వస్తారనీ రాశారు. "రెయిన్‌కోటులో ఊలు లేదు, కాగితంలో వేడి లేదు, మరి మా మామయ్యకు చలి ఎందుకు వేయదండీ?" అని ఆయన అడిగారు. ఇంత చక్కగా పరిశీలించి అడిగిన ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు.

ముందుగా ఆ దారి గురించి కొంత తెలుసుకోవాలి. సాలూరు మైదానం నుంచి సుంకి ఘాటీ మీదుగా పైకి వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారి మనల్ని సుమారు 700 మీటర్లకు పైగా ఎత్తుకు తీసుకుపోతుంది. ఎత్తు పెరిగే కొద్దీ గాలి సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కాబట్టి, ఎత్తు వల్లనే నాలుగైదు డిగ్రీల తేడా వస్తుంది. దీనికి తోడు, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుల్లో నేల తన వేడిని వెలుపలికి ప్రసరింపజేసి చల్లబడుతుంది, ఆ నేలకు ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, కొండవాలు వెంట నెమ్మదిగా కిందికి జారి, అక్కడివాళ్ళు జోలా భూములనే పల్లపు వరిమళ్ళలో చేరి నిలిచిపోతుంది. రోడ్డు అలాంటి పల్లంలోకి దిగి కల్వర్టు దాటే చోట ఒక్కసారిగా ముఖానికి చన్నీళ్ళు కొట్టినట్టు అనిపించి, మళ్ళీ గట్టెక్కగానే తగ్గిపోవడం ఈ దారిలో బండి నడిపే ప్రతి ఒక్కరికీ అనుభవమే. అక్కడ నిజంగానే గాలి ఉష్ణోగ్రత తక్కువగా ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ పీఠభూమి మీద తెల్లవారుజామున 6 డిగ్రీల చలి ఉండడం వింత కాదు కనుక, ఇకపై లెక్కలన్నీ 6 డిగ్రీల గాలికే వేస్తాను.

అసలు విషయానికి వస్తే, పులిహోర కలపడానికి వండిన అన్నాన్ని త్వరగా చల్లార్చాలంటే ఏం చేస్తామో గుర్తు చేసుకోవాలి. వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, విసనకర్రతో విసురుతాం. విసనకర్ర నుంచి వచ్చే గాలి, గదిలోని గాలి కంటే చల్లనిదేమీ కాదు. అది చేసే పని వేరు. వేడి అన్నాన్ని అంటిపెట్టుకుని ఒక పలుచని గాలి పొర ఉంటుంది, అది అన్నం వేడిని తీసుకుని తానూ వేడెక్కి, ఒక విధంగా అన్నానికి కాపలా కాస్తుంది. విసనకర్ర ఆ పొరను ఊడ్చేసి, దాని స్థానంలోకి గదిలోని గాలిని తెచ్చి పెడుతుంది, అది వేడెక్కే లోపలే దాన్నీ ఊడ్చేస్తుంది.

మన చర్మాన్ని అంటిపెట్టుకుని కూడా సరిగ్గా ఇలాంటి పొరే ఉంటుంది. ఇక్కడ కొంచెం లెక్క అవసరం. కదలని గాలి వేడిని ఎంత పేలవంగా మోస్తుందో చెప్పే ఉష్ణ వాహకత విలువ, మీటరుకు డిగ్రీకి సుమారు 0.025 వాట్లు. గాలి ఆడని గదిలో నిలుచున్న మనిషి ఒంటి నుంచి గాలిలోకి, చదరపు మీటరుకు ప్రతి డిగ్రీ తేడాకు, సుమారు 4 వాట్ల వేడి పోతుంది. మొదటి సంఖ్యను రెండవ దానితో భాగిస్తే ఆరు మిల్లీమీటర్లు వస్తుంది, అంటే మనం కదలకుండా ఉన్నప్పుడు దాదాపు ఆరు మిల్లీమీటర్ల మందం గల నిశ్చల వాయువు మనకు ఉచితంగా దొరికిన దుప్పటి. ఇప్పుడు బండి ఎక్కి గంటకు 60 కిలోమీటర్ల వేగం, అంటే సెకనుకు దాదాపు 17 మీటర్ల వేగం అందుకున్నామనుకుందాం. అప్పుడు చదరపు మీటరుకు డిగ్రీకి పోయే వేడి సుమారు 45 వాట్లకు చేరుతుంది, అదే భాగహారం చేస్తే పొర మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా మిగులుతుంది. వేళ్ళ వంటి సన్నని అంగాల చుట్టూ గాలి ఇంకా దగ్గరగా ఒరుసుకుని పోతుంది కాబట్టి, అక్కడ ఆ పొర మిల్లీమీటరులో అయిదో వంతు మాత్రమే. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా మారలేదు, మారింది దుప్పటి మందం మాత్రమే.

ఈ నష్టాన్ని మొదటిసారి కొలిచిన తీరు నాకు ఎంతో ఇష్టమైనది. 1928లో బాయ్ స్కౌటుగా అంటార్కిటికా యాత్రకు వెళ్ళిన పాల్ సైపుల్, పెద్దయ్యాక మళ్ళీ అక్కడికే వెళ్ళి, 1941లో చార్లెస్ పాసెల్‌తో కలిసి, పావుకిలో నీళ్ళు పోసిన చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని ఆరుబయట వేలాడదీసి, వేర్వేరు వేగాల గాలిలో ఆ నీళ్ళు గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూసి రాసుకున్నారు. అంత సాదా పరికరంతో మొదలైన ఆ లెక్కను అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001లో మనుషుల ముఖాల మీద చేసిన ప్రయోగాలతో సవరించి గాలి వల్ల ఒంటికి ఎన్ని డిగ్రీల చలిగా తోస్తుందో చెప్పే, ఇప్పుడు వాడుతున్న సూత్రాన్ని తయారు చేశాయి. అందులో గాలి వేగాన్ని నేలకు పది మీటర్ల ఎత్తున కొలుస్తారు, ముఖం ఎత్తున అది మూడింట రెండు వంతులే ఉంటుందని లెక్కిస్తారు. బండి మీద వెళ్ళేవారికి ఆ రాయితీ లేదు, వారి ముఖానికి పూర్తి వేగం తగులుతుంది. ఆ సవరణతో 6 డిగ్రీల గాలికి నేను లెక్క కట్టగా, 20 కిలోమీటర్ల వేగంతో వెళ్ళేవారికి 1.4 డిగ్రీల చలి వేసినట్టు, 40కి సున్నా కంటే అర డిగ్రీ తక్కువ ఉన్నట్టు, 60కి 1.6 డిగ్రీలు తక్కువ, 80కి 2.5 డిగ్రీలు తక్కువ ఉన్నట్టు తేలింది. మొదటి 20 కిలోమీటర్ల వేగమే నాలుగున్నర డిగ్రీలను మింగేసింది, ఆపైన ప్రతి 20కీ నష్టం తగ్గుతూ వచ్చింది. చలికి తాళలేక 60 నుంచి 40కి వేగం తగ్గించిన మనిషికి ఆశించినంత ఉపశమనం దొరకకపోవడానికి కారణం ఇదే. పొగమంచులో వేగం తగ్గించడం ప్రాణానికి మంచిదే, తప్పకుండా తగ్గించాలి, అయితే చలికి మాత్రం వేరే ఉపాయం చూసుకోవాలి. ఈ అంకెలు వేడి పుట్టించే ఒంటికి వర్తించేవే కనుక, 6 డిగ్రీల గాలి ఎంత వేగంగా వీచినా ట్యాంకు మీది మంచు బిందువు గడ్డకట్టదు, బండిలోని ఏ భాగమూ గాలి తాకిడి వల్ల 6 డిగ్రీల కంటే కిందికి దిగదు.

ఇక మేనమామ గారి రెయిన్‌కోటు సంగతి. పళ్ళెంలోని అన్నం మీద ఒక పలుచని నూలుగుడ్డ కప్పి విసిరితే అన్నం చల్లారడం కాస్త ఆలస్యమవుతుంది గాని ఆగదు, ఎందుకంటే గాలి గుడ్డలోని సందుల గుండా దూరుతుంది. మూత పెట్టి ఎంతసేపు విసిరినా, పైనున్న గాలి లోపలి గాలిని కదిలించలేదు. స్వెట్టరు నూలుగుడ్డ వంటిది, రెయిన్‌కోటు మూత వంటిది. స్వెట్టరు అల్లికలో ఊలుపోగు ఆక్రమించే చోటు చాలా తక్కువ, మిగిలినదంతా గాలే, ఆ గాలిని కదలకుండా పట్టి ఉంచడమే ఊలు చేసే ఉపకారం. గదిలో అది ఆ పనిని అద్భుతంగా చేస్తుంది. 60 కిలోమీటర్ల వేగంలో మాత్రం ఎదురుగాలి అల్లికలోకి చొచ్చుకుపోయి, అంత కష్టపడి పోగుచేసిన వెచ్చని గాలిని వీపు వైపు నుంచి బయటికి తోసేస్తుంది. మన పాఠకుడు వేసుకున్న రెండవ స్వెట్టరు కూడా మరొక జల్లెడే. పైన గాలి చొరని పొర ఒక్కటి ఉంటే, లోపలి ఒక్క స్వెట్టరూ తన పూర్తి శక్తితో పనిచేస్తుంది. దినపత్రిక చేసేది కూడా ఇదే పని, కాగితం గుండా గాలి పోదు, మడతల మధ్య మరికొంత గాలి చిక్కుకుంటుంది. పత్రికను చర్మానికి ఆనించి కాక, స్వెట్టరుకు వెలుపల, రెయిన్‌కోటుకు లోపల పెట్టుకుంటే ప్రయోజనం ఎక్కువ.

సుంకి దగ్గర టీ దుకాణం ముందు ఆగే బండ్లను కాసేపు గమనిస్తే ఈ శాస్త్రమంతా కళ్ళ ముందే కనిపిస్తుంది. జర్కిన్‌ను ముందువెనుకలు మార్చి, జిప్పు వీపు మీదికి వచ్చేలా తొడుక్కుని వచ్చేవారు కొందరుంటారు. జిప్పు పళ్ళ మధ్య నుంచీ, మెడ దగ్గర కాలరు సందు నుంచీ గాలి దూరుతుందని వారు అనుభవంతో కనిపెట్టారు, అతుకు లేని వీపు భాగాన్ని ఎదురుగాలికి అడ్డుపెట్టారు. దిగగానే పక్కవాడు వెనక జిప్పు లాగితే తప్ప కోటు విప్పుకోలేరు, అయినా ఆ ఇబ్బందికి సిద్ధపడ్డారంటే వారికి దక్కిన సుఖం ఎంతటిదో ఊహించవచ్చు.

బడిలో ఈ పాఠం చెప్పే తీరు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. "ఊలు ఉష్ణ బంధకం, అందుకే చలికాలంలో ఊలు బట్టలు ధరిస్తాం" అని పిల్లలచేత వల్లె వేయించి పాఠం ముగిస్తే, ఊలులోనే ఏదో వేడి ఉందని వారు జీవితాంతం నమ్ముతారు. థర్మామీటరును స్వెట్టరులో చుట్టి గంటసేపు ఉంచి చూపిస్తే, అది గది ఉష్ణోగ్రతనే చూపుతుంది, ఆ భ్రమ అక్కడే తొలగిపోతుంది. తర్వాత మూడు స్టీలు గ్లాసుల్లో సమానంగా వేడినీళ్ళు పోసి, పైన మూతలు పెట్టి, ఒకదాన్ని ఉత్తదిగా, ఒకదాన్ని ఊలుగుడ్డ చుట్టి, మూడవదానికి ఊలు మీద ప్లాస్టిక్ సంచి తొడిగి, మూడింటినీ ఫ్యాను ముందు పెట్టి ఐదు నిమిషాలకొకసారి ఉష్ణోగ్రత రాయించాలి. దీనికి ప్రయోగశాల అక్కరలేదు, పావుగంటలో ఏ పిల్లవాడికైనా రెయిన్‌కోటు రహస్యం తెలిసిపోతుంది.

ఛాతీకి చలిగాలి తగిలితే నిమ్ము చేస్తుందన్న నమ్మకం మన ఇళ్ళలో గట్టిగా ఉంది. నిమ్ము సూక్ష్మజీవుల వల్ల వచ్చే జబ్బు, గాలి తగిలినంత మాత్రాన పుట్టదు. అయినా ఛాతీని కప్పుకోమన్న పెద్దల సలహా సరైనదే, దాని కారణం మాత్రం చేతివేళ్ళలో ఉంది. గిన్నెలో కుప్పగా ఉన్న అన్నం అంచుల దగ్గర చల్లారినా మధ్యలో చాలాసేపు పొగలు కక్కుతుంది. శరీరం ఆ మధ్య భాగాన్ని, అంటే గుండె, ఊపిరితిత్తులు, మెదడు ఉన్న చోటును, 37 డిగ్రీల వద్ద నిలపడానికి అంచులను వదులుకుంటుంది. బండి మీద కూర్చున్న మనిషి ఒళ్ళు మొత్తం పుట్టించే వేడి సుమారు 100 వాట్లు. చేతులకు గ్లౌజులు లేకుండా, రెండు చేతుల వెలుపలి భాగాన్ని మాత్రమే 30 డిగ్రీల వద్ద ఉంచాలన్నా, పైన చెప్పిన లెక్క ప్రకారం తక్కువలో తక్కువ 50 వాట్లు అక్కడే ఖర్చు పెట్టాలి. అంత ఖర్చు భరించలేని శరీరం వేళ్ళ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. ఛాతీ చల్లబడితే ఆ నాళాలు ఇంకా ముడుచుకుంటాయి, ఛాతీ వెచ్చగా ఉంటే శరీరం ఉదారంగా వేళ్ళకు రక్తం పంపుతుంది. గ్లౌజులతో పాటు ఛాతీ మీద కాగితం పెట్టుకున్నవారి వేళ్ళు కూడా వెచ్చగా ఉండడానికి కారణం ఇదే. ముడుచుకున్న నాళాలు మధ్య మధ్య తెరుచుకుని కొద్దిసేపు రక్తాన్ని పంపుతాయని బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ 1930లో చూపించాడు, చన్నీళ్ళలో ఉంచిన చేతివేళ్ళు కొంతసేపటికి తమంతట తామే వెచ్చబడడం అలా జరుగుతుంది. ఒళ్ళంతా చల్లబడినవారిలో మాత్రం ఈ సాయం బలహీనపడుతుంది. వేలి ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీల కిందికి వస్తే కదలికల్లో నేర్పు తగ్గుతుంది, అప్పుడు బ్రేకు పట్టడం అర సెకను ఆలస్యమైనా 60 వేగంలో బండి ఎనిమిది మీటర్లు అదనంగా ముందుకు పోతుంది.

ఘాటీ ఎక్కే ముందు ఒక గుక్క ఇప్పసారానో, జీలుగు కల్లో పుచ్చుకుంటే చలి పోతుందని నమ్మేవారు ఉన్నారు. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది కనుక వెచ్చగా అనిపించేది నిజమే. అది మధ్యలోని వేడిని తెచ్చి అంచుల మీద ఆరబోయడమే. బండి నడిపేవాడికి మద్యం తగదన్న సంగతి అలా ఉంచినా, చలిని తట్టుకోవడానికి దానికి మించిన తప్పు దారి లేదు.

మంచు తడి గురించి హెచ్చరించాలి. పొగమంచులో గంటసేపు ప్రయాణిస్తే స్వెట్టరు మీద సన్నని బిందువులు ముత్యాల్లా పేరుకుని, నెమ్మదిగా లోపలికి ఇంకుతాయి. నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేడిని మోస్తుంది, పైగా ఆరేటప్పుడు మరింత వేడిని లాక్కుంటుంది. 100 గ్రాముల నీరు ఒంటి వేడితో ఆరాలంటే దాదాపు 245 కిలోజౌళ్ళు కావాలి, అది మన శరీరం 40 నిమిషాల పాటు పుట్టించే మొత్తం వేడితో సమానం. బస్తాలు ఎత్తి చెమటపట్టిన చొక్కాతోనే బండి ఎక్కితే జరిగేదీ అదే. బయలుదేరే ముందు పొడి బనియను మార్చుకోవడం, మరో స్వెట్టరు కొనడం కంటే ఎక్కువ మేలు చేస్తుంది. బిగుతు కూడా శత్రువే. ఇరుకు బూటులో రెండు జతల మేజోళ్ళు కుక్కితే వాటిలోని గాలీ పోతుంది, పాదంలోని రక్తమూ నిలిచిపోతుంది. రెయిన్‌కోటు ఒక సైజు వదులుగా ఉండి, మణికట్టు, మెడ, నడుము దగ్గర మాత్రం బిగిసి ఉండాలి. మఫ్లరు కొసలను కోటు లోపలికి దోపుకోవాలి, వేలాడే కొస చైనులో చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

అన్నిటికంటే నా మనసును కలచివేసేది, ట్యాంకు మీద కూర్చోబెట్టిన పసిబిడ్డలు. తండ్రికి ఎదురుగాలి తగలకుండా ఆపుతున్నది ఆ బిడ్డ ఒళ్ళే. పెద్ద కుప్ప కంటే పిడికెడు అన్నం ఎంత త్వరగా చల్లారుతుందో, బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువగా ఉన్న బిడ్డ అంత త్వరగా చల్లబడుతుంది, చలి వేస్తోందని చెప్పడమూ దానికి చేతకాదు. చలికాలపు తెల్లవారుజామున బిడ్డను బండి మీద తీసుకుపోకుండా ఉండగలిగితే అదే ఉత్తమం. తప్పనప్పుడు ఇద్దరు పెద్దల మధ్య కూర్చోబెట్టి, గాలి చొరని కోటు తొడిగి, తరచుగా ఆగి చేతులు తాకి చూడాలి.

దారిలో వేళ్ళు మొద్దుబారితే బండి ఆపి, చేతులను చంకల్లో పెట్టుకుని, స్పర్శ పూర్తిగా తిరిగి వచ్చేదాకా కూర్చోవాలి. తిరిగి రక్తం పారేటప్పుడు సూదులతో గుచ్చినట్టు నొప్పి పుడుతుంది, దానికి భయపడనక్కరలేదు. వేడిగా ఉంది కదా అని ఇంజను మీదా, సైలెన్సరు మీదా వేళ్ళు ఆనించడం మాత్రం ఎంతమాత్రం కూడదు, మొద్దుబారిన చర్మానికి కాలుతున్న సంగతి తెలియదు, తెలిసేసరికి బొబ్బలు లేచి ఉంటాయి.