బిల్లు పాసైతే ఇళ్లు వచ్చేస్తాయా? ఇళ్ల బడ్జెట్ మీద నేను రోజూ వినే అపోహలు

వాషింగ్టన్ స్టేట్‌లో తక్కువ ఆదాయం వాళ్లకి, రోడ్డు మీద బతుకుతున్నవాళ్లకి ఇళ్ల కోసం స్టేట్ బడ్జెట్‌లో డబ్బు అడగడం నా ఉద్యోగం. అడ్వొకసీ అని గొప్పగా అంటాం గానీ స్టేట్ రాజధాని ఒలింపియాలో లెజిస్లేటర్ల (మన ఎమ్మెల్యేల్లాంటి వాళ్ల) ఆఫీసుల చుట్టూ తిరగడమే పని. మనవాళ్ల ఏ గృహప్రవేశంలోనో ఈ మాట నోరు జారానా, ఇక భోజనం చల్లారిపోవాల్సిందే, తలా ఒక ప్రశ్న. ఎక్కువసార్లు విన్నవి ఇవి.

అపోహ: బిల్లు పాసైంది, ఇక ఇళ్లు వచ్చేసినట్టే.

సరిగ్గా ఇక్కడే దెబ్బతింటాం. ఖర్చున్న బిల్లుకి ఎంతవుతుందో లెక్కగట్టి ఫిస్కల్ నోట్ అని వేస్తారు, అలాంటి వాటిలో చాలా బిల్లులకి ఆఖర్న ఒక బుల్లి సెక్షన్ తగిలిస్తారు, జూన్ 30 లోపు బడ్జెట్‌లో ఈ బిల్లు నంబరు చూపించి డబ్బు పెట్టకపోతే ఈ చట్టం చెల్లదు అని. అంటే రెండు సభల్లో పాసైనా సరే, బడ్జెట్‌లో లైను పడకపోతే పుట్టీ పుట్టనట్టే. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను ఒక బిల్లు సెనేట్ దాటిందని కనపడ్డవాళ్లందరికీ మెసేజ్ పెట్టేశా, మాతో పనిచేసే ఒక పెద్దావిడ మాత్రం "చివరి పేజీ చదివావా?" అని ఒక్క మాట అడిగింది. అప్పట్నుంచి ఏ బిల్లయినా వెనక నుంచే చదువుతా.

అది దాటినా కథ అవ్వదు. సపోర్టివ్ హౌసింగ్ అంటే ఇల్లు ప్లస్ ఆ ఇంట్లో మనిషి నిలబడటానికి కావాల్సిన సాయం, దీనికి మూడు జేబుల్లోంచి డబ్బు రావాలి: బిల్డింగ్ కట్టడానికి, అద్దె లోటు పూడ్చడానికి, లోపల సేవలకి. కట్టే డబ్బు క్యాపిటల్ బడ్జెట్‌లో (అంటే కట్టడాల బడ్జెట్) హౌసింగ్ ట్రస్ట్ ఫండ్ నుంచి వస్తుంది, 2023-25 రెండేళ్లకి 400 మిలియన్ డాలర్లు పెట్టారు, దానికి తోడు తక్కువ అద్దె ఇళ్లకి పెట్టుబడి పెట్టేవాళ్లకి పన్ను తగ్గించే, 1986లో మొదలైన ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ ఉంటుంది. మిగతా రెండిటికీ స్టేట్ డబ్బు రోజువారీ ఖర్చులకుండే ఆపరేటింగ్ బడ్జెట్‌లోంచి రావాలి. ఆ బడ్జెట్ వేరు, కమిటీ వేరు, బతిమాలాల్సిన మనుషులూ వేరే. రిబ్బన్ కత్తిరించే రోజు అందరూ వస్తారండీ, లోపల ఉండేవాళ్లని కనిపెట్టుకునే కేస్ మేనేజర్ జీతం అడిగిన రోజు "మెడికెయిడ్ (పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఇస్తుందిగా" అంటారు. ఇస్తుంది, ఇల్లు వెతికిపెట్టడానికి, ఆ ఇంట్లో నిలదొక్కుకునే సాయానికి ఇస్తుంది, మా స్టేట్‌లో 2018 నుంచి ఫౌండేషనల్ కమ్యూనిటీ సపోర్ట్స్ పేరుతో ఇస్తోంది, కానీ ఏళ్లతరబడి అద్దె మాత్రం కట్టదు, ఆ సాయం కూడా అందరికీ సరిపోదు.

ఒకాయన చాలా ఏళ్లు టెంట్‌లో ఉండి వచ్చాడు. తాళంచెవి చేతికొచ్చాక కూడా మంచం ఎక్కలేదు, బూట్లు విప్పకుండా తలుపు పక్కనే నేలమీద పడుకునేవాడు, ఎవరో వచ్చి లేపేస్తారన్న భయం. కేస్ మేనేజర్ రోజూ పొద్దున్నే కాఫీ పట్టుకుని తలుపు కొట్టేది, మొదట్లో తీసేవాడే కాదు. ఆ తలుపు కొట్టే మనిషి జీతమే నేను అడిగే లైను.

అపోహ: ముందు తాగుడు మానాలి, తర్వాతే ఇల్లు.

సియాటిల్‌లో 1811 ఈస్ట్‌లేక్ అని 75 గదుల బిల్డింగ్ 2005లో తెరిచారు, తాగుడు మానమన్న షరతు లేదు, గదిలో తాగొచ్చు కూడా. అప్పట్లో ఎంత గొడవైందో! 2009లో ఒక పెద్ద మెడికల్ జర్నల్‌లో వచ్చిన స్టడీలో, ఇంకా వెయిటింగ్ లిస్టులోనే ఉన్నవాళ్లతో పోలిస్తే మొదటి ఆరు నెలల్లో ఇక్కడివాళ్ల మీద జైలు, ఆసుపత్రి లాంటి వాటికయ్యే ప్రజాధనం ఖర్చు 53 శాతం తక్కువని తేలింది, తాగుడూ తగ్గింది.

అలాగని "సపోర్టివ్ హౌసింగ్ పెడితే ప్రభుత్వానికి డబ్బు మిగులుతుంది" అనేది కూడా సగం అపోహే, ఇది మా అడ్వొకసీవాళ్లమే ప్రచారం చేశాం. బాగా జబ్బుపడి పదేపదే ఆసుపత్రికి వెళ్లేవాళ్ల విషయంలో మిగలొచ్చేమో, అందరి విషయంలో అలా అని 2018లో నేషనల్ అకాడమీస్ అనే అమెరికా శాస్త్రవేత్తల సంస్థ రిపోర్ట్ కూడా ఒప్పుకోలేదు. మనుషులు ఇంట్లో నిలబడతారు అన్నదానికి మాత్రం గట్టి ఆధారాలున్నాయి, నేను దాని మీదే మాట్లాడతా, లెక్కలు చూపించి ఒకసారి దొరికిపోయామా మళ్లీ ఆ ఆఫీసులో మన మాట చెల్లదు.

అపోహ: ఇది డెమోక్రాట్ల వ్యవహారం, వాళ్ల మెజారిటీ చాలు.

క్యాపిటల్ బడ్జెట్‌కి చాలా డబ్బు బాండ్ల మీద అప్పు తెచ్చి పెడతారు, ఆ అప్పుకి మా స్టేట్ రాజ్యాంగం ప్రకారం రెండు సభల్లోనూ 60 శాతం ఓట్లు కావాలి. 2017లో ఏమైందంటే, పల్లెల్లో బావుల నీళ్ల మీద మా స్టేట్ సుప్రీంకోర్టు ఇచ్చిన హర్స్ట్ తీర్పు దగ్గర పేచీ పడి క్యాపిటల్ బడ్జెట్టే ఆగిపోయింది, 2018 జనవరిలో గానీ పాసవ్వలేదు. ఎక్కడి బావి, ఎక్కడి అపార్ట్‌మెంట్! అందుకే రిపబ్లికన్ ఆఫీసులకీ వెళ్తా, వాళ్ల జిల్లాలో ట్రస్ట్ ఫండ్‌తో కట్టిన బిల్డింగ్ ఫోటో పట్టుకుని.

అపోహ: మా సిటీలో వద్దంటే సిటీ కౌన్సిల్ ఆపేస్తుంది.

సియాటిల్ పక్కన బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లో ఉండే మనవాళ్లు గట్టిగా నమ్మేది ఇదే. 2021 చట్టం ప్రకారం ఇళ్లు గానీ హోటళ్లు గానీ కట్టుకోనిచ్చే జోన్లలో పర్మనెంట్ సపోర్టివ్ హౌసింగ్‌ని సిటీ నిషేధించకూడదు. ఎంతమంది ఉండాలి, ఒకదానికొకటి ఎంత దూరం అని ప్రజారోగ్యం, భద్రత కోసం సహేతుకమైన రూల్స్ పెట్టుకోవచ్చు, అంతవరకే.

అపోహ: నాన్‌ప్రాఫిట్‌లు లాబీయింగ్ చేయకూడదు.

చేయొచ్చు. చేయకూడనిది ఎన్నికల్లో అభ్యర్థికి మద్దతివ్వడం. 501 హెచ్ ఎలక్షన్ అని (ఇక్కడ ఎలక్షన్ అంటే ఎంచుకోవడం, ఓట్లు కాదు) పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి చిన్న ఫారం పెట్టుకుంటే మొదటి 5 లక్షల డాలర్ల ఖర్చులో 20 శాతం దాకా లాబీయింగ్‌కి వాడొచ్చు, వాలంటీర్ల టైము అసలు లెక్కలోకే రాదు. ఇది తెలియక బోర్డు మీటింగుల్లో భయపడి చచ్చేవాళ్లు ఎంతమందో.

అపోహ: నాది హెచ్1బి, నేను మాట్లాడితే వీసాకి ఇబ్బంది.

సిటిజన్ కాకపోయినా బిల్లు మీద కమిటీ జనం మాట వినే హియరింగ్‌లో సాక్ష్యం చెప్పొచ్చు, మీ జిల్లా లెజిస్లేటర్‌కి ఈమెయిల్ రాయొచ్చు, అది చట్టవిరుద్ధం కాదు. గ్రీన్ కార్డు కూడా లేనివాళ్లు చేయకూడనిది ఎన్నికల ప్రచారానికి చందా ఇవ్వడం, రెండూ కలిపేసుకుని నోరు మూసుకుంటారు. మీరూ అద్దె కడుతున్నారు, ఇక్కడ టాక్సులూ కడుతున్నారు కదా.

అపోహ: సెషన్ మొదలయ్యాక చూద్దాంలే.

సెషన్, అంటే స్టేట్ చట్టసభల సమావేశాలు, జనవరిలో మొదలవుతుంది, బేసి సంవత్సరమైతే 105 రోజులు, సరి సంవత్సరమైతే 60. గవర్నర్ బడ్జెట్ ప్రతిపాదన డిసెంబర్లోనే వచ్చేస్తుంది, అందులో లేని లైనుని తర్వాత ఇరికించడం పెద్ద తంటా. మేం ఆగస్టు, సెప్టెంబరుల్లోనే తిరగడం మొదలుపెడతాం.

ఇక హియరింగ్ గురించి, పెద్ద స్పీచ్ తయారు చేసుకోవాలనుకుంటారు. ఇచ్చేది ఒకటి రెండు నిమిషాలు, జనం ఎక్కువైతే చైర్ అప్పటికప్పుడు ఇంకా తగ్గించేస్తారు, జూమ్‌లో ఇంట్లోంచి కూడా చెప్పొచ్చు. ఒకసారి నేను రెండు పేజీలు రాసుకుని సగంలోనే ఆగిపోయా, నా తర్వాత ఒక కిరాయిదారు ఆవిడ కాగితం లేకుండా "మా అబ్బాయి ఇప్పుడు స్కూల్ ఫారంలో అడ్రస్ గడి నింపుతున్నాడు" అని రెండు వాక్యాలు చెప్పి కూర్చుంది, కమిటీ సభ్యులు ప్రశ్నలడిగింది ఆవిడనే. మాట్లాడటం ఇష్టం లేకపోతే ప్రో (బిల్లుకి అనుకూలం) అని పేరు నమోదు చేస్తే చాలు, ఎంతమంది ప్రో, ఎంతమంది కాన్ (వ్యతిరేకం) అన్నది సభ్యులకి కనపడుతుంది. హియరింగ్‌కి గంట ముందే సైన్ ఇన్ మూసేస్తారు, అది మాత్రం మర్చిపోకండి.